7. పిట్‌లోకి దిగాకే పాట

లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశాను. అన్నేళ్లలో పిట్‌లోకి దిగకుండా ఒక్క ఇంజన్‌నీ లైన్ మీదికి పంపలేదు. పట్టాల మధ్య పొడవాటి గొయ్యి ఉంటుంది. టార్చి పట్టుకుని అందులో నడుస్తూ ఇంజన్ పొట్ట కింద చూడాలి. అరిగిన బ్రేకు దిమ్మలు, వదులైన బోల్టులు, నూనె కారిన మరకలు అన్నీ కిందే బయటపడతాయి. పైన రంగు ఎంత మెరిసినా మా ఫోర్‌మన్‌కి లెక్కలేదు.

అలాంటివాణ్ని, రిటైరయ్యాక న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో కూర్చుని, అడుగు పొడవున్న బొమ్మ ఇంజన్ దగ్గర మోసపోయాను.

అది లయొనెల్ కంపెనీ 1948లో తెచ్చిన 2333 నంబరు శాంటా ఫే డీజిల్. వెండిరంగు ఒళ్లు, ఎర్రటి ముక్కు. ఆన్‌లైన్ వేలాల సైటు ఈబేలోని ప్రకటనలో మూడు ముక్కలే రాసి ఉన్నాయి: చాలా అరుదు, అటక మీద దొరికింది, నడిపి చూడలేదు. ఎనిమిది ఫొటోలు పెట్టాడు. చివరి నిమిషంలో ఇంకెవరో పాట పెంచారు. నేనూ పెంచాను. వాళ్లు మళ్లీ పెంచారు, నేనూ మళ్లీ పెంచాను. చివరికి గెలిచాను. పక్కనే ఉన్న మా అబ్బాయి, "నాన్నా, మొదట ఎంత అనుకున్నారు, ఇప్పుడెంతయింది?" అని అడిగాడు. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

పార్శిల్ వచ్చింది. పైతొడుగు విప్పి చూస్తే గుండె జారిపోయింది. ఆ ఇంజన్‌లో హారన్ మోగడానికి టార్చిలో వేసే లావుపాటి బ్యాటరీ ఒకటి పెట్టాలి. ఎన్ని దశాబ్దాల కిందట పెట్టారో, తీయడం మర్చిపోయారు. అది కారి కారి కింది చట్రాన్ని తినేసింది. లయొనెల్ పాత డీజిళ్లకు ఇది అందరికీ తెలిసిన జబ్బు. నాకొక్కడికే తెలియదు.

షెడ్డులో నాతో పనిచేసిన మిత్రుడికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగాడు: "పిట్‌లోకి దిగావా గురూ?"

మళ్లీ ఆ ప్రకటన తెరిచి చూశాను. కుడి, ఎడమ, ముందు, వెనక, డబ్బా... ఎనిమిది ఫొటోల్లో అడుగుభాగం ఫొటో ఒక్కటీ లేదు. అమ్మినవాడు రాతలో ఆడిన అబద్ధం ఒక్కటే, అరుదు అన్నది. మిగతా మోసమంతా అతను తీయని ఫొటోలో ఉంది. ఈ అధ్యాయం ఆ ఫొటో గురించే. మీరు కొనేది బొమ్మ రైలు కాకపోవచ్చు. పాత కెమెరా కావచ్చు, నాణెం కావచ్చు, గ్రామఫోను కావచ్చు. చూడాల్సిన పద్ధతి మాత్రం ఇదే.

చింతచెట్టు పాట

అందరూ ఎగబడుతున్నారని మనమూ ఎగబడితే దాన్ని వేలంవెర్రి అంటాం. ఆ మాట పుట్టించినవాళ్లకు వేలం గురించి బాగా తెలిసే ఉంటుంది.

అయినా ఊళ్లో వేలం అంత వెర్రిది కాదు. చింతచెట్ల కాపుకి పాట పెడితే, పాడదలచుకున్నవాడు ముందురోజే చెట్టు కింద తిరిగి వస్తాడు. ఏ కొమ్మకు ఎంత కాపు ఉందో లెక్కేస్తాడు. కాయ విరిచి గుజ్జు చూస్తాడు. పాట మొదలయ్యాక ఎదుటివాడి ముఖం చూస్తాడు. వాడికి నిజంగా కాయ కావాలా, రేటు పెంచడానికి వచ్చాడా అన్నది ఊరందరికీ తెలుస్తుంది.

ఫోనులో జరిగే వేలంలో చెట్టు కిందకి వెళ్లలేం, ఎదుటివాడి ముఖం చూడలేం. అమ్మేవాడు చూపించదలచుకున్న కొమ్మే మనకు కనిపిస్తుంది. అందుకే ఊరి పాటలో కళ్లు చేసే పనిని ఇక్కడ ప్రశ్నలతో చేయించుకోవాలి.

అడిగిన ధర, అమ్ముడైన ధర

ఒక వస్తువు ధర తెలుసుకోవాలని వెతుకుతాం. అదే ఇంజన్‌కి పదిమంది పది ధరలు పెట్టి ఉంటారు. వాటిని చూసి "మార్కెట్లో ఇంత ఉంది" అని తీర్మానించుకుంటాం. తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఆ పదీ ఇంకా అమ్ముడుపోనివి. కొన్ని నెలల తరబడి అక్కడే పడి ఉంటాయి. అమ్మేవాడి ఆశ ఎంతో అవి చెబుతాయి. కొన్నవాడు ఎంత ఇచ్చాడో చెప్పవు.

ఈబేలో వెతికిన ఫలితాలను వడగట్టే చోట "సోల్డ్ ఐటమ్స్" అనే గడి ఉంటుంది. దాన్ని నొక్కితే ఈమధ్య నిజంగా అమ్ముడైనవే కనిపిస్తాయి. ఒకే నంబరు, దాదాపు ఒకే స్థితిలో ఉన్నవి కనీసం ఐదు చూడండి. అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ తీసేసి మధ్యవి పట్టుకోండి. ఒక జాగ్రత్త: ధర మీద అడ్డగీత ఉంటే, బేరమాడి అంతకంటే తక్కువకు కొన్నారని అర్థం. కొట్టేసిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

మొదట చూసిన పెద్ద అంకె మనసులో ఎలా పాతుకుపోతుందో మనస్తత్వవేత్తలు ఎమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో రాసిన ఒక వ్యాసంలో చూపించారు. ఒక చక్రం తిప్పారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చారు. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం ఉంటాయో చెప్పమన్నారు. 10 చూసినవాళ్ల అంచనా మధ్యస్థంగా 25, 65 చూసినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదు. అయినా అంకె పని చేసింది. మూడింతల ధరకు పెట్టిన ఇంజన్ కూడా అదే పని చేస్తుంది. అది అమ్ముడుపోకపోవచ్చు. కానీ దాని పక్కన రెండింతలకు పెట్టింది మనకు చవగ్గా కనిపిస్తుంది.

అందుకే ఈ వరస పాటించండి: ముందు అమ్ముడైన ధరలు, తర్వాత మీ అంకె కాగితం మీద, ఆ తర్వాతే అమ్మకానికి ఉన్నవి.

మాటలకు అసలు అర్థాలు

ప్రకటనల భాషకు ఒక నిఘంటువు కావాలి. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది మీకు ఊరికే ఇస్తున్నాను.

అరుదు: లయొనెల్ ఒకప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద బొమ్మల కంపెనీల్లో ఒకటి. నేను కొన్న శాంటా ఫే డీజిల్ ఆ కంపెనీకి బాగా అమ్ముడైన వాటిలో ఒకటి. ఇంటింటా ఉన్నది అరుదు ఎలా అవుతుంది? అసలైన అరుదు ఎలా ఉంటుందో చూడండి. 1957లో ఇదే కంపెనీ ఆడపిల్లల కోసమని గులాబీరంగు ఆవిరి ఇంజన్‌తో, లేతరంగుల పెట్టెలతో ఒక సెట్ తెచ్చింది. దుకాణాల్లో అది సరిగా అమ్ముడుపోలేదు. ఆనాడు కొన్నవాళ్లు తక్కువ కాబట్టి ఈనాడు దొరికేవి తక్కువ. వెతికేవాళ్లు మాత్రం చాలామంది. అందుకే దానికి ధర. అందుకే మామూలు ఇంజన్‌కి గులాబీరంగు వేసి అమ్మేవాళ్లూ పుట్టారు. అంటే "అరుదు" అన్న మాట అబద్ధమైతే ఒక చిక్కు, నిజమైతే ఇంకో చిక్కు. అబద్ధమైతే ధర ఎక్కువ, నిజమైతే నకిలీ భయం.

ఇంకో సంగతి. తక్కువగా దొరికితే చాలదు, కావాలనేవాళ్లూ ఉండాలి. నంబరు వేసిన లిమిటెడ్ ఎడిషన్ పెట్టెలు కంపెనీలు చాలానే తెచ్చాయి. వాటిలో చాలావాటి కోసం ఇప్పుడు ఎవరూ వెతకడం లేదు.

వింటేజ్: పాతది అని మాత్రమే. 1970లు, 80లలో టైకో, బాక్‌మన్, లైఫ్‌లైక్ లాంటి కంపెనీల చవక రైలు సెట్లు అమెరికాలో పండక్కి పిల్లలకు కొనిచ్చే మామూలు బొమ్మలు. అవి ఇప్పుడు పాతబడ్డాయి. పాతబడినంత మాత్రాన విలువ పెరగదు. మా ఇంట్లో పాత రేకు డబ్బాలున్నాయి, వాటినీ వింటేజ్ అనవచ్చు.

మింట్: డబ్బాలోంచి తీసి ఆడనిది అని అర్థం. అమెరికాలో 1954లో ఏర్పడిన ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ బొమ్మ రైళ్ల స్థితిని చెప్పడానికి మెట్లు నిర్ణయించింది. మింట్ పై మెట్టు, కింద పూర్‌ దాకా వరసగా ఉంటాయి. ఏ మెట్టో చెప్పమని అమ్మేవాణ్ని అడగండి. తెలిసినవాడైతే వెంటనే చెబుతాడు. "వయసుకు తగ్గట్టు బాగుంది" అంటే అది ఏ మెట్టూ కాదు. డబ్బాను చూసి కూడా మోసపోవద్దు. పాత డబ్బాల్లా కనిపించే కొత్తవి అచ్చువేసి అమ్ముతారు. పైన పటారం, లోన లొటారం.

నడిపి చూడలేదు: చాలాసార్లు నడిపి చూశారు, నడవలేదు అని. పట్టాల ముక్క, ట్రాన్స్‌ఫార్మర్ లేనివాళ్లు నిజంగానే చూడలేకపోవచ్చు. కానీ అదే అమ్మకందారు పేరు మీద మరో ముప్పై రైళ్లుండి, వాటిలో కొన్ని "చక్కగా నడుస్తుంది" అని ఉంటే, అతని దగ్గర పట్టాలున్నట్టే కదా. జర్మనీ ప్రకటనల్లో ఇదే మాట "ఫ్యూర్ బాస్ట్లర్" అనే ముసుగులో వస్తుంది. సొంతంగా బాగుచేసుకునే ఓపిక ఉన్నవాళ్లకు అని దాని అర్థం. చెడిపోయిందని మర్యాదగా చెప్పడమన్నమాట.

అటక మీద దొరికింది: నాకేమీ తెలియదు, నన్నేమీ అడగొద్దు అని. ధర మాత్రం అన్నీ తెలిసినవాడే పెడతాడు.

పిట్ పరీక్ష: ఆరు ప్రశ్నలు

పాడే ముందు ఈ ఆరింటికీ జవాబు రావాలి. ప్రకటనలో లేకపోతే అమ్మేవాడికి రాసి అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

ఒకటి, అడుగుభాగం ఫొటో ఉందా? చక్రాల అరుగుదల, తుప్పు, మార్చిన మరలు అక్కడే తెలుస్తాయి. బ్యాటరీ గది ఉన్న ఇంజన్ అయితే పైతొడుగు తీసి ఫొటో పంపమనండి.

రెండు, నడుస్తున్న వీడియో ఉందా? దీపం వెలగడం వేరు, చక్రం తిరగడం వేరు. నేను కొన్నలాంటి ఇంజన్లు జతగా వస్తే, ఒకదానికే మోటార్లుంటాయి, రెండోది ఉత్త డొల్ల. "రెండు ఇంజన్లు" అని రాస్తే ఏది ఏదో అడగండి.

మూడు, మీ పట్టాల మీద నడుస్తుందా? హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. బ్రిటన్‌లో వాడే డబుల్‌ఓ 76వ వంతు. రెండింటి పట్టాల వెడల్పూ 16.5 మిల్లీమీటర్లే. కాబట్టి ఒకే పట్టాల మీద నిలబడతాయి, పక్కపక్కన పెడితే ఒకటి లావుగా ఇంకొకటి బక్కగా ఉంటాయి. జర్మనీ మెర్క్లిన్ వాళ్ల హెచ్‌ఓ పాత ఇంజన్లు మూడు పట్టాల పద్ధతిలో ఏసీ కరెంటుతో నడుస్తాయి. అవి మామూలు రెండు పట్టాల డీసీ లైన్ మీద పనిచేయవు. ప్రకటనలో వట్టి "హెచ్‌ఓ" అని ఉంటే సరిపోదు.

నాలుగు, లోహం ఆరోగ్యంగా ఉందా? జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే అది ఏళ్లు గడిచాక ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, చివరికి చేతిలో పొడి అవుతుంది. సేకర్తలు దీన్ని జింక్ పెస్ట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన బొమ్మ రైళ్లలో ఇది ఎక్కువ. దీనికి మందు లేదు. ముడతలు పడిన చక్రాలు, వంగిన చట్రం, సన్నటి గీతలు కనిపిస్తే వదిలేయండి.

ఐదు, ఏది అసలు, ఏది మార్చింది? రంగు వేశారా, స్టిక్కర్లు కొత్తవా, కొక్కేలు మార్చారా? బాగుచేసి అమ్మడం తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు.

ఆరు, ఫొటోలో ఉన్నదే వస్తుందా? ఎక్కడో ఉన్న బొమ్మ పెట్టి ఇంకేదో పంపేవాళ్లున్నారు. అనుమానం వస్తే ఈరోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఇంకో ఫొటో తీయమనండి.

కొసరు గుమ్మడికాయ

కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారు. ఈ వేలాల్లో గుమ్మడికాయ మన నెత్తినే పడుతుంది. ఒక పెట్టెను 10 డాలర్లకే పెట్టి, పంపడానికి 35 అడుగుతారు. ముందుగా కళ్లను పట్టేది ఆ 10. మొత్తం 45 అన్నది చివర్లో తెలుస్తుంది. ఎప్పుడూ మొత్తాన్నే పోల్చండి.

ఇండియాకు తెప్పించుకునేవాళ్లకు కస్టమ్స్ సుంకం అసలు పెద్ద ఖర్చు. బొమ్మల మీద ప్రాథమిక సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దాని మీద ఇతర పన్నులుంటాయి. మీరు పాడే రోజున రేటెంతో చూసుకుని ఆ మొత్తాన్ని ముందే కలుపుకోండి. ఇంకొకటి మర్చిపోవద్దు. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది. మన ఇంట్లో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే రైలు కదిలేలోపే పొగ వస్తుంది.

పాడే పద్ధతి

అమ్ముడైన ధరలు చూశారు, కొసరు కలిపారు, ఆరు ప్రశ్నలకూ జవాబొచ్చింది. ఇప్పుడు ఒక అంకె రాయండి. అంతకంటే ఒక్క డాలరు ఎక్కువైతే నాకు వద్దు అనిపించే అంకె.

ఈబేలో మీరు ఇవ్వగల గరిష్ఠ ధర ఒకేసారి చెప్పవచ్చు. మీ తరఫున అదే మెల్లగా పెంచుతూ పోతుంది. గెలిస్తే మీరిచ్చేది రెండోవాడి ధర మీద ఒక మెట్టు ఎక్కువ మాత్రమే. అంటే మీ పూర్తి అంకె రాసినంత మాత్రాన అంతా పోదు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే దీనికి దగ్గర పద్ధతిని విశ్లేషించి, గెలిచినవాడు రెండో ధర ఇచ్చే చోట ఎవరి నిజమైన అంకె వాళ్లు చెప్పడమే తెలివైన పని అని చూపించాడు. 1996లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి చివరి ఘడియల్లో ఒకేసారి మీ అంకె వేసి ఫోను పక్కన పెట్టండి. నాలాగా తెర ముందు కూర్చుంటే అవతలివాడు పెంచినప్పుడల్లా వేలు దానంతటదే కదులుతుంది. ఆ అవతలివాడు అమ్మేవాడి బావమరిదీ కావచ్చు. అలా దొంగపాట పాడించడం నిషేధమే. అయినా జరుగుతుంది. మీరు అంకె దాటకపోతే వాడి పాట మిమ్మల్ని అంతకు మించి లాగలేదు.

అందరికంటే ఎక్కువ పాడినవాడు తరచుగా అందరికంటే ఎక్కువ పొరబడినవాడు అవుతాడు. 1971లో ముగ్గురు అమెరికన్ చమురు ఇంజనీర్లు సముద్రపు చమురు క్షేత్రాల వేలం లెక్కలు చూసి ఈ మాటే రాశారు. తర్వాత అర్థశాస్త్రంలో దీనికి గెలిచినవాడి శాపం అని పేరు స్థిరపడింది. పాట ఓడిపోతే బాధపడకండి. మీ అంకె దాటిపోయిన ఆ ధర ఇక గెలిచినవాడి సమస్య.

మోసం జరిగిపోతే

పార్శిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. వివరణకూ వస్తువుకూ పొంతన లేకపోతే ముందు అమ్మకందారుకు, ఆ తర్వాత వేదికకు అక్కడే లిఖితంగా ఫిర్యాదు చేయండి. "వాపసు లేదు" అని రాసి ఉన్నా, చెప్పినదానికి భిన్నంగా వస్తే ఈబే డబ్బు వాపసు హామీ వర్తిస్తుంది. దానికి వస్తువు చేరినప్పటి నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. బయట వేరేగా డబ్బు పంపి కొంటే మాత్రం ఈ హామీ వర్తించదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. పెన్సిల్వేనియాలోని యార్క్ ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ, బొమ్మ రైళ్ల పెద్ద సంత జరుగుతుంది. అలాంటి చోట వస్తువును చేత్తో తిప్పి చూడవచ్చు, అమ్మేవాడితో మాట్లాడవచ్చు. 1950ల్లో ఈ రైళ్ల కోసం ఏడ్చిన పిల్లలు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. వాళ్ల సేకరణలు ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి. ఈరోజు చేజారింది మళ్లీ దొరుకుతుంది. తొందరపడాల్సిన పని అస్సలు లేదు.

పది రోజుల అభ్యాసం

మీరు చాలాకాలంగా కొనాలనుకుంటున్న వస్తువు ఒకటి ఎంచుకోండి. పది రోజులు వేలాలు చూడండి, పాడకండి. ప్రతి పాట ముందు, ఎంతకు పోతుందో మీ అంచనా రాయండి. ముగిశాక అసలు ధర పక్కన రాయండి. పదో రోజుకి మీ అంచనా నిజానికి దగ్గరవుతుంది. అప్పుడు పాడటం మొదలుపెట్టండి.

నా ఇంజన్ ఏమైందంటారా? 30 రోజుల గడువు నాకు తెలిసేసరికి దాటిపోయింది. చివరికి నేనే అమ్మాను. మొట్టమొదటి ఫొటోగా తుప్పుపట్టిన చట్రాన్నే పెట్టాను. విడిభాగాల కోసం వెతుకుతున్న ఒకాయన కొన్నాడు. నేనిచ్చినదాంట్లో సగం కూడా రాలేదు. కానీ ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగాల్సిందంతా ఆ ఫొటోలోనే ఉంది.